మూడో తరం లెక్క

ఎలుకల మీద పరీక్ష మొదలుకాక ముందే ఫలితం డబ్బాల మీద అచ్చయి వచ్చింది. రాజమండ్రి ఊరి బయట హైవే పక్కనున్న ఆ ప్రైవేటు ల్యాబులో రెబెక్కా పదిహేనేళ్ళుగా ఎలుకలశాల చూసుకుంటోంది. వింతలు చూడకపోలేదు గాని, ఇంత తొందర మాత్రం ఎప్పుడూ చూడలేదు. డైరెక్టరు గారి బల్ల మీద ఆకుపచ్చ డబ్బా ఒకటి ఉంది. దాని మీద బంగారు అక్షరాలతో 'కడుపుపంట' అని పేరు. పేరు కింద పట్టుచీరలో నవ్వుతున్న ఒక పెద్దావిడ ఫోటో. ఫోటో కింద 'మా అమ్మమ్మ చేతి పొడి. మూడు తరాల మీద శాస్త్రీయంగా పరీక్షించినది' అని రెండు వరుసలు. పెళ్ళయిన రోజు నుంచి పురుడు దాకా ఉదయం రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు పాలలో కలుపుకుని తాగాలట.

"దీన్ని ఎవరు పరీక్షించారండి?" అని అడిగింది రెబెక్కా.

"మనమేనమ్మా. వచ్చే వారం మొదలెడతాం," అన్నారు డైరెక్టరు చంద్రరావు గారు, డబ్బాని చేత్తో నిమురుతూ.

చంద్రరావు గారు కాలేజీలో ప్రొఫెసరుగా రిటైరైన మనిషి. రోజుకి ఇరవైసార్లు సైన్స్ అంటారు. ఎవరైనా శాలువా కప్పుతామంటే ఎంత దూరమైనా వెళతారు. ఆయన గదిలో పుస్తకాల బీరువా ఒకటి, శాలువాల బీరువా ఒకటి ఉన్నాయి. రెండో దానికి తాళం వేస్తారు, మొదటి దానికి వెయ్యరు.

కడుపుపంట యజమాని ఉదయ్‌భాస్కర్. అంతకుముందు ఆయన మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల్లో చల్లే మినరల్ మిక్చర్ అమ్మేవాడు. చెరువుల మీద తెగుళ్ళు పడి రైతులు మిక్చర్ కొనడం మానేశాక, అవే మిషన్లు కడిగించి ఆడవాళ్ళ పొడి మొదలెట్టాడు. పొడిలో పది మూలికలున్నాయి, పేర్లు డబ్బా మీదే రాశాడు. పదకొండోది ముంబై నుంచి గోనె సంచుల్లో వచ్చే గోధుమరంగు ఎక్స్‌ట్రాక్టు. దాని పేరేంటని రెబెక్కా అడిగితే, అది ట్రేడ్ సీక్రెట్ అన్నాడు. అమ్మమ్మ చేతి పొడిలో ముంబై గోనె సంచి ఏంటో ఆవిడకి అర్థం కాలేదు. అమ్మమ్మ ఎప్పుడైనా ముంబై వెళ్ళొచ్చిందేమో అనుకుంది.

వినాయక చవితి వెళ్ళాక పరీక్ష మొదలైంది. పద్ధతి పాతదే. ఎలుకలని నాలుగు గుంపులు చేశారు. గుంపుకి ఇరవై నాలుగు ఆడవి, వాటికి సరిపడా మగవి. తెల్లకార్డు పంజరాల వాటికి ఉత్త నీళ్ళే. పసుపు కార్డు వాటికి పొడి కొంచెం, నారింజ వాటికి ఇంకొంచెం, ఎర్రకార్డు వాటికి బాగా ఎక్కువ. మొన గుండ్రంగా ఉన్న సూది గొట్టంతో రోజూ పొద్దున్నే కడుపులోకి పంపాలి. పదివారాలు అలా ఇచ్చి జత కట్టించాలి. పుట్టిన పిల్లల్లో కొన్నిటిని పెంచి, వాటికీ అదే డోసు ఇచ్చి, అవి ఎదిగాక వాటినీ జత కట్టించాలి. వాటికి పుట్టిన వాటిని కూడా లెక్కపెట్టాలి. తల్లి తరం, కూతురి తరం, మనవరాలి తరం. తల్లికి ఏమీ కాకపోయినా, ఆ మందు కడుపులోనే తాకిన కూతురు పెద్దదయ్యాక ఏమవుతుందో చూడడానికే ఇంత తతంగం.

రెబెక్కా ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఎలుకని పట్టుకుంటే అది కిచకిచమనేది కాదు. ప్రతి అంకె పెన్నుతో రాసేది. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేసేది, తెల్లరంగు పూసి దిద్దడం ఎరగదు. పంజరాలు కడిగే సత్తియ్య ఆవిడకి కుడిభుజం. జీవితమంతా గేదెలతో గడిపి, మోకాళ్ళు పట్టేశాక ఎలుకల దగ్గరికి వచ్చినవాడు.

డిసెంబరులో మొదటి కాన్పులయ్యాయి. నాలుగు గుంపుల్లోనూ బాగానే పెట్టాయి, పంజరానికి పదకొండు, పన్నెండు. ఆ వార్త వినగానే ఉదయ్‌భాస్కర్ ఫోటోగ్రాఫర్‌ని వెంటేసుకుని వచ్చి బారసాల చేస్తానన్నాడు. గౌను, మాస్కు లేకుండా లోపలికి రానివ్వనని రెబెక్కా అడ్డం నిలబడితే, బయట వరండాలో బల్ల వేసి, ఆ బల్ల మీద బొమ్మ ఉయ్యాల పెట్టి, పూతరేకులు పంచి ఫోటోలు తీయించుకున్నాడు. చంద్రరావు గారు ఆ ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో వచ్చింది. కింద ఎవరో బిడ్డ ఎవరి పోలిక అని అడిగారు.

అంతా బాగుందనుకున్న ఆ స్టడీలో మొదటి తేడా పైకి చెప్పింది సత్తియ్య. కూతురి తరం ఎదిగి జత కట్టించే వేళకి, ఒకరోజు పొద్దున్న నెమ్మదిగా వచ్చి, "అమ్మగారండీ, ఎర్రకార్డోళ్ళు ఎదకి రావట్లేదండి. నారింజోళ్ళు కూడా కొంతమంది అంతేనండి," అన్నాడు.

రెబెక్కా అప్పటికే మైక్రోస్కోపులో ఆ సంగతి చూస్తోంది. నాలుగు రోజులకోసారి తిరగాల్సిన ఎద, ఎర్రకార్డు వాటికి పది రోజులైనా తిరగడం లేదు. సత్తియ్యకి మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. ఆవిడ పుస్తకంలో రాసుకుని, చంద్రరావు గారికి చెప్పింది. ఆయన చూద్దాంలే అన్నారు. చూడలేదు.

ఏప్రిల్ చివర్లో కాన్పులయ్యాయి. తెల్లకార్డు గుంపులో ఇరవై నాలుగింట్లో ఇరవై మూడు తల్లులయ్యాయి, తల్లికి సగటున పదకొండు పిల్లలు. పసుపులో ఇరవై రెండు తల్లులు, సగటు ఇంచుమించు అంతే. నారింజలో పదిహేడు తల్లులే, సగటు ఏడు. ఎరుపులో పది. సగటు నాలుగు. ఆ నాలుగింట్లోనూ ఒకటి నాలుగో రోజు చూసేది కాదు. రెబెక్కా మూడుసార్లు లెక్కపెట్టింది. పిల్లలు వేలి చివరంత ఉంటాయి, ఎర్రగా, కళ్ళు మూసుకుని. లెక్కపెట్టిన కొద్దీ పెరుగుతాయేమోనని ఆశపడ్డట్టు, మూడోసారి సత్తియ్య చేత కూడా లెక్కపెట్టించింది.

ఆ కాగితాలు తీసుకెళితే చంద్రరావు గారు అద్దాలు పెట్టుకుని చదివి, అద్దాలు తీసి తుడిచి, మళ్ళీ చదివారు. ఆయనకి అర్థమైందని రెబెక్కాకి తెలిసిపోయింది. అర్థం కాని మనిషైతే అంతసేపు తుడవడు. చివరికి ఆయన ఏప్రిల్ మొదటివారంలో రెండు రోజులు ఏసీ పనిచెయ్యలేదు కదా, ఆ వేడికి ఈతలు తగ్గి ఉంటాయి అన్నారు.

"నాలుగు గుంపులూ ఒకే గదిలో ఉన్నాయండి," అంది రెబెక్కా. "ఎండ కార్డుల రంగు చూసి కొట్టిందా సార్?"

ఆయనకి కోపం వచ్చింది. ఎర్రకార్డు డోసు మనిషెవడూ తాగలేడు, అది లెక్కలోకి రాదు అన్నారు. నారింజ సంగతేంటని అడిగింది. నారింజ కొంచెమేగా తగ్గింది అన్నారు. పదకొండు ఏడైతే కొంచెమా అని అడిగింది. ఇంతలో ఉదయ్‌భాస్కర్ రానే వచ్చాడు. సంగతి విని మొహం ముడుచుకుని, అంతలోనే విప్పుకుని పరిష్కారం చెప్పాడు. మూడో తరం దాకా ఎందుకండి, మొదటి కాన్పుతో ఆపేద్దాం అన్నాడు.

"మరి డబ్బా మీద మూడు తరాలని ఉంది కదండి," అంది రెబెక్కా.

"నాన్న, అమ్మ, పిల్ల. మూడూ మూడేగా," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

అతను నవ్వులాటకి అనడం లేదని తెలియడానికి రెబెక్కాకి కొంతసేపు పట్టింది. రొయ్యల చెరువుల మీద బతికిన మనిషికి తరమంటే ఏంటో తెలియకపోవచ్చు. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన చంద్రరావు గారు కూడా తల ఊపేసరికి, ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఏం పరీక్షలు చేస్తున్నారో అని ఆవిడకి నిజంగా భయం వేసింది.

మూడో తరం పేజీలు తీసేసిన రిపోర్టు రెండు రోజుల్లో తయారైంది. ఎలుకలశాల ఇన్‌చార్జిగా సంతకం పెట్టమని పంపారు. రెబెక్కా పెట్టలేదు. తాను రాసిన అంకెలన్నీ ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద ఎత్తి, వేడి అన్ని గుంపులకీ ఒక్కటేనని కింద రాసి, దానికి సంతకం పెట్టింది. ఒక కాపీ స్టడీ ఫైల్లో పెట్టింది. రెండోది, ప్రాణుల మీద పరీక్షలకి అనుమతిచ్చే ల్యాబు జంతు నైతిక కమిటీలో బయటి సభ్యుడైన డాక్టర్ ఐజాక్ గారికి రిజిస్టర్ పోస్టు చేసింది. పెద్దాపురంలో పశువుల డాక్టరుగా చేసి రిటైరైన ఐజాక్ గారు ఆ కవరు తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టి, ఇంట్లో పెళ్ళిపనుల్లో పడి మరిచిపోయారు. ఆ సంగతి తరవాత తెలిసింది. అప్పటికి మాత్రం ఏ జవాబూ లేదు.

మిషన్ స్కూల్లో టీచరైన ఆవిడ భర్త జయపాల్ కంగారుపడ్డాడు. ఉద్యోగం పోతే ఏంటని అడిగాడు. పోతే ఇంకోటి వెతుక్కుంటానంది గాని, ఈ వయసులో ఎలుకలు పట్టుకోవడం తప్ప ఇంకో పని రాదని ఆవిడకీ తెలుసు.

ఆ వారంలోనే ఉదయ్‌భాస్కర్ వీడియో తీయడానికి డబ్బా మీదున్న పెద్దావిడని ల్యాబుకి తీసుకొచ్చాడు. పేరు బాలాత్రిపురసుందరి గారు. అతనికి మేనత్త. ముతక నేత చీర, చేతిలో గుడ్డసంచి, డెబ్భై నాలుగేళ్ళు. కెమెరావాళ్ళు వరండాలో లైట్లు బిగిస్తుంటే ఆవిడ గోడకున్న పెద్ద అద్దంలోంచి లోపలి పంజరాలని చూస్తూ నిలబడింది. పక్కన నిలబడి తల ఊపమని రెబెక్కాకి చెప్పారు.

"ఆ రంగు కార్డులేంటమ్మాయ్?" అని అడిగింది పెద్దావిడ.

రెబెక్కా చెప్పింది. ఆవిడ చాలాసేపు చూసింది. తెల్లకార్డు పంజరాల్లో పిల్లలు కుప్పగా ఉన్నాయని, ఎర్రకార్డువి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని, మొదట్నుంచీ అంతేనా అని అడిగింది. ల్యాబు సంగతులు బయటివాళ్ళకి చెప్పకూడదు. పదిహేనేళ్ళుగా రెబెక్కా చెప్పలేదు. కానీ ఈవిడ బయటి మనిషి ఎలా అవుతుంది, మొహం డబ్బా మీద ఉంటే. నాలుగు గుంపుల అంకెలూ చెప్పేసింది. ఏసీ సంగతి, నాన్న, అమ్మ, పిల్ల అన్న మూడు తరాల లెక్క కూడా చెప్పింది.

పెద్దావిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి అంకెలు రాసుకుంది. ముప్పై నాలుగేళ్ళు అమలాపురంలో ఆడపిల్లలకి లెక్కలు చెప్పానంది. "పదకొండు, పదకొండు, ఏడు, నాలుగు. డోసు పెరిగిన కొద్దీ మెట్టు మెట్టుగా దిగుతోంది. ఎండకి అంత క్రమశిక్షణ ఉండదమ్మా," అంది.

తరవాత ఇంకో సంగతి చెప్పింది. నర్సరీ మొక్కల వ్యాపారం పెడుతున్నాను, పెద్దల బొమ్మ ఉంటే మంచిదని మేనల్లుడు ఫోటో అడిగాడట. మొక్కలే కదా అని ఇచ్చిందట. ఆ డబ్బాని మొదటిసారి నిన్ననే చూసిందట. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గలేదు. కెమెరా సిద్ధమయ్యాక మాత్రం, గొంతు బాగోలేదు నాయనా, ఫంక్షన్లో మైకు ఇస్తావుగా, అక్కడే చెబుతాను అని మేనల్లుడితో అంది. అతను ఉబ్బిపోయాడు.

ఫంక్షన్ అక్షయ తృతీయ నాడు, గోదావరి గట్టు దగ్గర ఏసీ హాల్లో పెట్టారు. కొత్తగా పెళ్ళయిన జంటలని పట్టిసీమ నుంచి, పెద్దాపురం నుంచి బస్సుల్లో రప్పించారు. ప్రతి కుర్చీ మీద ఒక డబ్బా. మొదటి వరసలో ల్యాబువాళ్ళు తెల్లకోట్లు వేసుకుని కూర్చోవాలని చంద్రరావు గారి ఆర్డరు. సత్తియ్యకి కూడా కోటు వేయించారు. పొడుగు చేతులు మడుచుకుని, జీవితంలో మొదటిసారి సైంటిస్టయిన సత్తియ్య, మనం మాట్లాడాలా అమ్మగారండీ అని అడిగాడు. అక్కర్లేదు, కనబడితే చాలంది రెబెక్కా.

చంద్రరావు గారు అరగంట మాట్లాడారు. సైన్స్ అన్న మాట వచ్చినప్పుడల్లా స్టేజి వెనక తెర మీద ఎలుక బొమ్మ వెలిగేలా ఎవరో ఏర్పాటు చేశారు. శాలువా కప్పించుకున్నారు. ఉదయ్‌భాస్కర్ తన వంశంలో ప్రతి తల్లీ ఈ పొడి తాగే పిల్లల్ని కందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత అమ్మమ్మగారి ఆశీస్సులు అని మైకు అత్తయ్య చేతికిచ్చాడు.

బాలాత్రిపురసుందరి గారు నమస్కారం పెట్టి, క్లాసులో హాజరు తీసుకునే గొంతుతో మొదలెట్టింది. "డబ్బా మీద ఉన్నది నేనే. నాకు మనవలు లేరు, పిల్లలు లేరు. నేను ఎవరికీ అమ్మమ్మని కాను. ఈ పొడి నేను ఎన్నడూ చెయ్యలేదు, మా ఇంట్లో ఎవరూ తాగలేదు."

ఉదయ్‌భాస్కర్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు. ఆవిడ ఆగలేదు. నాన్న, అమ్మ, పిల్ల కలిపితే రెండు తరాలే అవుతాయని, అది నాలుగో క్లాసు లెక్కని చెప్పింది. అసలు మూడో తరం లెక్క వేరే ఉందంది. మొదటి వరసలోకి చూసింది.

"అది రాసినావిడ ఇక్కడే ఉంది. చెబితే వింటాం. ఇష్టం లేకపోతే కూర్చోనివ్వండి, ఆవిడ ఉద్యోగం ఆవిడది."

రెబెక్కా లేవకపోయినా ఎవరూ తప్పుపట్టరు, పెద్దావిడే ఆ వెసులుబాటు ఇచ్చేసింది. పక్కన చంద్రరావు గారి కొత్త శాలువా నాఫ్తలీన్ వాసన వేస్తోంది. ఆయన రెబెక్కా వైపు చూడకుండా, వేళ్ళతో మాత్రం కూర్చో అన్నట్టు సైగ చేశారు. పెంపుడు కుక్కకి చెప్పినట్టు చేసిన ఆ సైగ చూశాక రెబెక్కా ఇక ఆలోచించలేదు. లేచి నిలబడింది.

పెద్దావిడ అందించిన మైకులో నాలుగు గుంపుల అంకెలు చెబుతుండగానే దాన్ని ఆపేశారు. ఆవిడకి మైకు అవసరం లేకపోయింది. లూథరన్ చర్చిలో ఇరవై ఏళ్ళు క్వయరులో పాడిన గొంతు, చివరి బెంచీ దాకా వెళ్ళడం దానికి అలవాటే. ఎన్ని తల్లులు, ఎన్ని పిల్లలు, నాలుగో రోజుకి ఎన్ని బతికాయి, అంతే చెప్పింది. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. కూర్చుంది.

ఆ తరవాత జరిగింది చూస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. భోజనాలు రెడీ అని ఎవరో అనగానే హాల్లో సగం మంది లేచారు. డబ్బా చంకన పెట్టుకుని లైన్లో నిలబడ్డవాళ్ళున్నారు. డబ్బా ఖాళీ చేసి పప్పులు పోసుకోవచ్చని ఒకావిడ ఇంకొకావిడకి చెబుతోంది. ఒక పెద్దమనిషి రెబెక్కా దగ్గరికి వచ్చి, ఎలుకలకి సరే, మనుషులకి పనిచేస్తుందా లేదా చెప్పండి అని అడిగాడు. నలభై యాభై డబ్బాలు మాత్రం కుర్చీల మీదే మిగిలాయి.

అందరూ వెళ్ళాక పట్టిసీమ నుంచి వచ్చిన ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. పేరు ఉమాశ్రీ అంది. శాంపిల్ డబ్బా ముందే పంపారని, రెండు నెలలుగా తాగుతున్నానని, కడుపుతో ఉన్నానని, ఇప్పుడు మూడో నెల అని చెప్పింది. అప్పటిదాకా నవ్వు తెప్పించినవేవీ రెబెక్కాకి ఇక నవ్వులాటగా అనిపించలేదు. "ఎలుకలో చూసింది మనిషిలో జరుగుతుందని నేను చెప్పలేనమ్మా. జరగదని కూడా చెప్పలేను. ఇవాళ్టితో ఆపెయ్యి. ఈ డబ్బా తీసుకెళ్ళి నీ డాక్టరు గారికి చూపించు, ఏం తాగావో చెప్పు," అంది. తన ఫోన్ నంబరు రాసిచ్చింది. ఆ అమ్మాయి కాగితం మడిచి రవికెలో పెట్టుకుని, బస్సు పోతుందని పరిగెత్తింది.

మర్నాడు రెబెక్కా ఉద్యోగం పోయింది. రహస్యాలు బయటపెట్టినందుకని ఉత్తరంలో రాశారు. తన దగ్గరున్న తాళాలు సత్తియ్యకిచ్చి వచ్చేసింది. లోకల్ పేపర్లో ఫంక్షన్ వార్త లోపలి పేజీలో చిన్నగా పడింది. అది చూసి ఐజాక్ గారికి ఫ్రిజ్ మీద కవరు గుర్తొచ్చింది. చింపి చదివి, ఆ పూటే పెద్దాపురం నుంచి కారేసుకుని ల్యాబుకి వచ్చారట. రిజిస్టర్లు అడిగారట. మూడో తరం పిల్లలకి పద్నాలుగో రోజు బరువులు ఎక్కడని అడిగితే, తూచేవాళ్ళు లేరని తేలింది. చంద్రరావు గారికి తక్కెడ ఎలా ఆన్ చెయ్యాలో తెలియదు. సత్తియ్యకి తెలుసు గాని రాయడం రాదు.

చంపబోయే ప్రాణుల లెక్క కూడా సరిగ్గా రాయకపోతే వాటిని పెంచడం ఎందుకని ఐజాక్ గారు అరిచారని, ఆ అరుపు గేటు దాకా వినబడిందని సత్తియ్య తరవాత చెప్పాడు. పది రోజులు కవరు ఫ్రిజ్ మీద పెట్టిన మనిషికి అంత కోపం ఎక్కడ దాగిందో అనుకుంది రెబెక్కా.

ఆ సాయంత్రం చంద్రరావు గారు ఫోన్ చేశారు. "రెబెక్కా గారూ," అన్నారు. పదిహేనేళ్ళలో ఆయన నోట గారు రావడం అదే మొదటిసారి. పిల్లలకి ఇరవై ఒకటో రోజు నిండేదాకా వచ్చి స్టడీ పూర్తి చెయ్యమన్నారు. మూడో తరం పేజీలు రిపోర్టులో పెడితే వస్తానంది. పెడతామన్నారు. ఐజాక్ గారు చదివి సంతకం పెట్టాలంది. సరేనన్నారు. ఏసీ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయాలంది, పాడైంది నిజమే కాబట్టి.

వెళ్ళి చివరి బరువులు తూచింది. చివరి రోజు చెయ్యాల్సింది కూడా తనే చేసింది. నొప్పి తెలియకుండా చెయ్యడం ఆవిడకి వచ్చినంత బాగా అక్కడ ఎవరికీ రాదు. ఒక్కొక్కదాన్నీ కోసి, లోపలి అవయవాలు తూచి, అంకెలు రాసింది. రిపోర్టు నూట పన్నెండు పేజీలయింది. దాని మీద పేరు పెట్టుకుని పైకి పంపి, రెబెక్కా ఆ గేటు దాటి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

ఆహార భద్రతా శాఖవాళ్ళు రిపోర్టు తెప్పించుకుని, కడుపుపంట అమ్మకం ఆపమన్నారు. రెబెక్కాకి కాకినాడలో ఒక కాలేజీ ఎలుకలశాలలో పని దొరికింది. ఉమాశ్రీ రెండుసార్లు ఫోన్ చేసింది. స్కాన్‌లో ఇప్పటిదాకా అంతా బాగానే ఉందని డాక్టరు చెప్పారంది. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేరని ఇద్దరికీ తెలుసు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం బాలాత్రిపురసుందరి గారు అమలాపురం నుంచి ఫోన్ చేసింది. మేనల్లుడు కొత్త డబ్బా తెచ్చాడని చెప్పింది. పేరు మార్చాడట. ఆడవాళ్ళ పొడి కాదట, మగవాళ్ళ బలానికట. డబ్బా మీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ. గర్భిణులు వాడరాదని చిన్న అక్షరాల్లో రాశాడట. లోపలి సరుకు అదేనా అని అడిగితే, అదే గాని ఆడవాళ్ళకే కదా అత్తయ్యా పడనిది అన్నాడట.

రెబెక్కాకి నవ్వొచ్చింది. ఆపుకోలేక, ఫోన్ పక్కకి పెట్టి, మళ్ళీ తీసింది.

"మేడమ్ గారూ, ఆ రిపోర్టులో అరవై ఒకటో పేజీ మగవాటిదండి," అంది. "కూతుళ్ళకే కాదు, ఆ తరంలో కొడుకులకి కూడా అదే డోసు ఇచ్చాం కదండి. ఎర్రకార్డు మగవాటికి వీర్యం సగమే ఉంది. నారింజవాటికి కూడా తక్కువే. అంకెలన్నీ అందులోనే ఉన్నాయండి."

"వాడు చదవలేదా?"

"అరవయ్యో పేజీ దాకా వచ్చి ఉండరండి."

అవతల పెద్దావిడ కూడా నవ్వింది. ఆ పేజీ కాపీ తనకొకటి పంపమని, ఈసారి ఆహార భద్రతా శాఖకి ఉత్తరం తానే రాస్తానని, మేనత్త సంతకమైతే వాడికి ఇంకొంచెం మండుతుందని అంది. రెబెక్కా బీరువా తీసి, తాను ఉంచుకున్న రిపోర్టు కాపీ ఫైలు దింపి, పేజీ వెతకసాగింది.